ఆవాల దిండు, లక్కపిడతలు, ఓ ఫెడరల్ చట్టం

మన తెలుగు సంఘాల ఉగాది, దీపావళి బజార్లకి వెళ్ళేవాళ్ళు నా స్టాల్ లాంటిది ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. ఒక మడత బల్ల, దాని మీద పోచంపల్లి దుప్పటి, ఆ పైన గుడ్డ బొమ్మలు, అఆల గుడ్డ పుస్తకాలు, పసిపిల్లల జుబ్బాలు. ఒక పక్క గోరింటాకు పెట్టే అమ్మాయి, ఇంకో పక్క ఆవకాయ సీసాలు. మాది నార్త్ కరోలినా. ఏడేళ్ళ నుంచి కుడుతున్నాను. ఏడాది పొడుగునా అమ్మితే వచ్చేది మా కారు ఇన్సూరెన్స్‌కి సరిపోతే గొప్ప. మా ఆయన దీన్ని ‘నీ టాటా బిర్లా కంపెనీ’ అంటారు. అననివ్వండి.

కిందటి దీపావళి బజారులో ఒకావిడ నా బొమ్మలన్నీ తిప్పి తిప్పి చూసి, కుట్టు బాగుందని మెచ్చుకుని, "అక్కా, మీరు ఆవాల దిండ్లు ఎందుకు కుట్టరు?" అంది. సీమంతాలకి, బారసాలలకి అడిగేవాళ్ళు చాలామంది ఉన్నారట. తన వాట్సాప్ గ్రూపులో నాలుగు వందల మంది ఆడవాళ్ళున్నారట. నెలకి ఇరవై దిండ్లు తనే అమ్మిపెడుతుందట. నేను కుట్టాలి, ఆవాలు పటేల్ బ్రదర్స్‌లో సంచీల లెక్కన కొనాలి, అంతే.

కుట్టనని చెప్పాను. ఆమె కాస్త నొచ్చుకుంది. "మన అమ్మమ్మలందరూ వాడారు కదక్కా, మన తలలు గుండ్రంగా లేవా?" అంది. ఆ మాటకి అక్కడ నిలబడి రెండు నిమిషాల్లో జవాబు చెప్పడం నా వల్ల కాలేదు. బేరం చేసేవాళ్ళు వెనక నిలబడి ఉన్నారు. అందుకే ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను. మనలో కుట్టేవాళ్ళు, అల్లేవాళ్ళు, పూసలు గుచ్చేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఇది వాళ్ళందరికీ పనికొచ్చే సంగతి.

ముందు ఆవాల దిండు సంగతే చెప్పుకుందాం. అమెరికాలో పిల్లల వస్తువుల భద్రత చూసే సంస్థ కన్స్యూమర్ ప్రొడక్ట్ సేఫ్టీ కమిషన్. సీపీఎస్సీ అంటారు. వీళ్ళు 1992లో పసిపిల్లల దిండ్ల మీద ఒక నిషేధం పెట్టారు. అప్పట్లో థర్మోకోల్ గుళికలు నింపిన మెత్తటి బీన్‌బ్యాగ్ దిండ్లు అమ్మేవారు. పసివాళ్ళని వాటి మీద బోర్లా పడుకోబెడితే దిండు మొహం చుట్టూ సర్దుకుపోయి, ఊపిరాడక పిల్లలు చనిపోయారు. ఆ నిషేధం ఏ దిండుకి వర్తిస్తుందో చదివితే నాకు ఒళ్ళు జలదరించింది. పైన గుడ్డ తొడుగు ఉండాలి, లోపల గింజల్లాంటి పదార్థం వదులుగా నింపి ఉండాలి, నొక్కితే అణగాలి, పసిబిడ్డ ఒంటికో మొహానికో తగ్గట్టు ఒదగాలి, ఏడాది లోపు పిల్లల కోసం చేసినదై ఉండాలి. థర్మోకోల్ అనేది ఒక ఉదాహరణ మాత్రమే. ఆ మాట తీసేసి చూడండి, మన ఆవాల దిండుని ఎదురుగా పెట్టుకుని రాసినట్టు లేదూ?

మన అమ్మమ్మల మాటకొస్తే, వాళ్ళ ఇళ్ళలో బిడ్డ పక్కన ఎప్పుడూ ఒక మనిషి ఉండేది. బాలింతరాలు పక్క మంచం మీదే ఉండేది, అమ్మమ్మో మేనత్తో రోజంతా కాపలా. ఇక్కడ రాత్రి రెండింటికి పాలు పట్టి, బిడ్డని క్రిబ్‌లో వేసి, బేబీ మానిటర్ తలగడ పక్కన పెట్టుకుని పడిపోతాం. పొద్దున్నే ఎనిమిదింటికి మీటింగు. అదే దిండు, ఇల్లు మాత్రం వేరు. ఇక తల గుండ్రంగా రావడానికి ఇక్కడి పిల్లల డాక్టర్లు చెప్పేది మెలకువగా ఉన్నప్పుడు మన కళ్ళెదురుగా బోర్లా పడుకోబెట్టమని. నిద్రపుచ్చేటప్పుడు మాత్రం వెల్లకిలా, గట్టి సమతలమైన పరుపు మీద, ఏడాది నిండేదాకా దిండు లేకుండా. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ ఏళ్ళ తరబడి చెబుతున్నది ఇదే. క్రిబ్ చుట్టూ కట్టే మెత్తటి బంపర్లని కూడా 2022లో చట్టం చేసి నిషేధించారు. అవి కుట్టమని కూడా నన్ను అడుగుతుంటారు, ఏనుగుల బొమ్మలతో, కలంకారీతో. ముచ్చటగానే ఉంటాయి.

మీ అమ్మగారు మీ బిడ్డకి ఆవాల దిండు కుట్టి తెస్తే ఏ అధికారీ మీ ఇంటి తలుపు తట్టడు. అది మీరూ, మీ డాక్టరూ తేల్చుకోవలసిన విషయం. డబ్బు తీసుకుని పదిమందికి అమ్మడం మొదలుపెట్టగానే చట్టం మనల్ని తయారీదారు అంటుంది. ఫ్యాక్టరీ ఉన్నవాడికీ, గరాజ్‌లో ఒక్క జూకీ మెషీన్ ఉన్న నాకూ అక్కడ ఒకటే పేరు.

ఈ పేరు మొదటిసారి విన్నప్పుడు నాకూ నవ్వొచ్చింది. కానీ దీని వెనక కథ తెలిసినవాళ్ళు నవ్వరు. 2006 ఫిబ్రవరిలో మిన్నియాపొలిస్‌లో నాలుగేళ్ళ బాబు ఒకడు చేతి గొలుసుకి వేలాడే చిన్న లోహపు బిళ్ళ మింగేశాడు. రీబాక్ బూట్లు కొంటే ఊరికే ఇచ్చిన గొలుసు అది. ఆ బిళ్ళ దాదాపు పూర్తిగా సీసమేనట. సీసం ఒంట్లోకి ఎక్కి బాబు చనిపోయాడు. ఆ మర్నాడేడు, 2007లో, థామస్ రైలు చెక్క బొమ్మలు పదిహేను లక్షలు వెనక్కి రప్పించారు, రంగులో సీసం ఉందని. ఆగస్టులో ఫిషర్ ప్రైస్ బొమ్మలు, డోరా, ఎల్మో లాంటివి, దాదాపు పది లక్షలు. అప్పటికి ఇక్కడ చిన్నపిల్లలున్న తల్లులకి ఆ వేసవి బాగా గుర్తుంటుంది. బొమ్మల బుట్ట నేల మీద బోర్లించి, నంబర్లు చూసుకుంటూ కూర్చున్న ఇళ్ళెన్నో.

ఆ కోపంలోంచి పుట్టింది 2008 ఆగస్టు 14న బుష్ సంతకం పెట్టిన చట్టం, సీపీఎస్‌ఐఏ. పన్నెండేళ్ళు, అంతకంటే తక్కువ వయసు పిల్లల కోసం చేసే ప్రతి వస్తువుకీ వర్తిస్తుంది. సీసం పరిమితి అంచెలంచెలుగా తగ్గించారు. వస్తువులో ముందు 600 పీపీఎం, తర్వాత 300, 2011 నుంచి 100. పైన వేసే రంగు పూతలో 90. పీపీఎం అంటే పది లక్షల పాళ్ళలో ఎన్ని పాళ్ళు అని. ప్లాస్టిక్‌ని మెత్తబరిచే థాలేట్లకి ఇంకో పరిమితి. ఇవన్నీ కమిషన్ ఒప్పుకున్న బయటి ల్యాబ్‌లో పరీక్ష చేయించాలి, సర్టిఫికెట్ రాయాలి, వస్తువు మీద ఎవరు, ఎక్కడ, ఎప్పుడు చేశారో చెరగని గుర్తు ఉండాలి.

ఇందులో తప్పు పట్టడానికేముంది అనిపిస్తుంది. కానీ లెక్క వేసి చూడండి. లక్ష రైళ్ళు చేసే కంపెనీ ఒక రైలుని ల్యాబ్‌కి పంపిస్తే ఆ ఖర్చు లక్ష రైళ్ళ మీద పంచుకుంటుంది. ఒక అవ్వ ఒక్కో రంగు గుడ్డతో ఒక్కో బొమ్మ కుడితే? ఒక్కో బొమ్మా ఒక కొత్త వస్తువే. పరీక్ష ఖర్చు బొమ్మ ధరకి ఎన్నో రెట్లు. సీసం కలిపిన రంగు వేసింది ఎక్కడో పెద్ద కంపెనీలకి సరుకు చేసిన ఫ్యాక్టరీలు. తాళం పడబోయింది మాత్రం వెర్మాంట్‌లో చెక్క బొమ్మలు చెక్కేవాడి కొట్టుకి. సీసం నిబంధన అమల్లోకి వచ్చే రోజు, 2009 ఫిబ్రవరి 10ని, చేతిపని వాళ్ళు ‘జాతీయ దివాలా దినం’ అని పిలిచారు. 1985కి ముందు అచ్చయిన పిల్లల పుస్తకాల సిరాలో సీసం ఉండొచ్చన్న అనుమానంతో పాత పుస్తకాలమ్మే కొట్లు వాటిని అరల్లోంచి తీసేశాయి. లైబ్రరీల వాళ్ళు కూడా బెంబేలెత్తారు.

అప్పుడు ఆ చిన్నవాళ్ళు ఊరుకోలేదు. హ్యాండ్‌మేడ్ టాయ్ అలయెన్స్ అని ఒక సంఘం కట్టారు. ఎక్కువమంది ఇంట్లో కూర్చుని పని చేసుకునేవాళ్ళే, వాళ్ళలో తల్లులు బోలెడు మంది. కాంగ్రెస్ సభ్యులకి ఉత్తరాలు రాశారు, వాషింగ్టన్ వెళ్ళి చెప్పుకున్నారు. ముందు కమిషన్ చాలా పరీక్షలని ఏడాది పాటు వాయిదా వేసింది. తర్వాత కొన్ని పదార్థాలకి సీసం పరీక్షే అక్కర్లేదని తేల్చింది. రంగు వేయని చెక్క, నూలు, పట్టు, ఉన్ని, అద్దకం వేసిన గుడ్డ కూడా. చివరికి 2011 ఆగస్టు 12న ఒబామా సంతకంతో చట్టాన్నే సవరించారు. ‘స్మాల్ బ్యాచ్’ తయారీదారు అన్న మాట అప్పుడు పుట్టింది. ముందటి ఏడాది మొత్తం అమ్మకం పది లక్షల డాలర్లు దాటకూడదు (ధరల పెరుగుదలని బట్టి ఈ అంకెని సవరిస్తుంటారు), ఆ వస్తువు 7,500 కంటే ఎక్కువ చేసి ఉండకూడదు. కమిషన్ వెబ్‌సైట్లో ఏటా ఉచితంగా నమోదు చేసుకోవాలి. నేను ప్రతి జనవరిలో సంక్రాంతి ముగ్గులయ్యాక చేసే మొదటి పని అదే. పది నిమిషాలు పడుతుంది.

నమోదు చేసుకుంటే అన్నీ మాఫీ అనుకోకండి. మన వాళ్ళలో ఈ పొరపాటు అభిప్రాయం బాగా ఉంది. కొన్ని పరీక్షలు బయటి ల్యాబ్‌లో చేయించనక్కర్లేదు, అంతవరకే. ప్రమాణం పాటించాలి, పాటించానని సర్టిఫికెట్ రాసి దగ్గర పెట్టుకోవాలి. రంగు పూతలో సీసం, మూడేళ్ళ లోపు పిల్లల వస్తువుల్లో ఊడివచ్చే చిన్న భాగాలు, పిల్లల లోహపు నగల్లో సీసం, క్రిబ్‌లు, పాసిఫయర్లు, వీటికి ఎంత చిన్నవాళ్ళకైనా బయటి పరీక్ష తప్పదు. నా మటుకు నాకు ఈ గీత సరైన చోటే గీశారనిపిస్తుంది. పిల్లల ప్రాణం మీదికి వచ్చేవి ఆ పక్కన పెట్టారు, కాగితాల బరువుని ఈ పక్క తగ్గించారు.

దీంతో నా బొమ్మలు మారాయి. మా అమ్మ చేసే గుడ్డ బొమ్మలకి కళ్ళు చొక్కా గుండీలు, ముక్కుకి చిన్న పూస, కాళ్ళకి మువ్వలు. నా బొమ్మలకి కళ్ళు దారంతో కుట్టినవి, కాలి పట్టీలు జరీ రంగు దారంతో గొలుసు కుట్టు. మూడేళ్ళ లోపు పిల్లల బొమ్మ నుంచి ఏదైనా ఊడితే అది ఒక చిన్న గొట్టంలో పడుతుందా లేదా అని చూస్తారు. ఒకటింపావు అంగుళం వెడల్పు గొట్టం, పసివాడి గొంతుకి కొలత అది. మొత్తంగా అందులో పట్టిందంటే ఆ బొమ్మ నిషిద్ధం. గుడ్డ, దారం, నూలు ముక్కలు ఈ లెక్కలోకి రావు. గుండీ వస్తుంది, పూస వస్తుంది, మువ్వ వస్తుంది. ఆ గొట్టం ఒకటి కొని నా కుట్టు మెషీన్ పక్కన పెట్టుకున్నాను. మా చిన్నది దాంట్లో పెన్సిళ్ళు పెడుతుంది.

ప్రతి బొమ్మ నడుం కుట్టులో ఒక పట్టీ ఉంటుంది, నా పేరు, ఊరు, కుట్టిన నెల, సంవత్సరం, బ్యాచ్ నంబరు. మొదట్లో విసుగనిపించింది, పది బొమ్మలు కూడా లేని దానికి బ్యాచ్ ఏమిటి అని. ఇప్పుడు ఏ బొమ్మలో ఏ దుకాణం దారం వాడానో నోటు పుస్తకంలో చూసి చెప్పగలను. రేపు ఆ దారంలోనో దూదిలోనో ఏదైనా తేడా ఉందని తెలిస్తే ఎవరికి ఫోన్ చెయ్యాలో తెలుస్తుంది. ఇంకో మాట, దూది కూరిన బొమ్మలకి కొన్ని రాష్ట్రాల్లో విడిగా చట్టాలున్నాయి. పెన్సిల్వేనియాకి అమ్మాలంటే అక్కడ విడిగా నమోదు చేసుకుని ఆ నంబరు పట్టీ మీద వెయ్యాలి. ఎట్సీలో పెట్టుకునేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి, మన బొమ్మ ఏ రాష్ట్రానికి పోతుందో మన చేతుల్లో ఉండదు కదా.

రాత్రి తొడిగే బట్టల సంగతి క్లుప్తంగా చెప్తాను. తొమ్మిది నెలల సైజు దాటాక పడుకునేటప్పుడు వేసే వదులు నూలు బట్టలకి మంట అంటుకోకూడదన్న నిబంధన ఉంది. ఒంటికి అతుక్కునేలా కుట్టాలి, లేదంటే మంట తట్టుకునే గుడ్డ వాడాలి. మన మల్లు జుబ్బాలు బుజ్జివాళ్ళ సైజుల్లోనే కుట్టి ఊరుకుంటాను. కాటుక జోలికి అసలు వెళ్ళను. దాన్ని చూసేది ఎఫ్‌డీఏ, ఆ సంస్థ కాటుకని సౌందర్య సాధనంగా ఇక్కడ ఒప్పుకోదు, సీసం భయంతోనే. ఇంట్లో ఆముదం దీపం మీద పట్టిన కాటుక వేరు కదా అంటారు. కావచ్చు, నేను మాత్రం అమ్మను.

దిష్టి పూసల దగ్గర నాకు మా అత్తయ్యగారితో పెద్ద చర్చే జరిగింది. ఆవిడ నల్లపూసలు, వెండి మువ్వలు కలిపి పసివాళ్ళ చేతికి ఎంత అందంగా గుచ్చుతారో! బజారులో పెడితే మొదటి గంటలోనే అయిపోతాయి, అందులో అనుమానం లేదు. "బిడ్డకి దిష్టి తగలకుండా కట్టేది, దానివల్ల బిడ్డకి చెడు ఎలా జరుగుతుందమ్మా?" అన్నారు. నేను ఆవిడకి మిన్నియాపొలిస్ బాబు సంగతి చెప్పాను. 2018లో ఎఫ్‌డీఏ ఇచ్చిన హెచ్చరిక సంగతి కూడా చెప్పాను. పళ్ళు వచ్చేటప్పుడు పసివాళ్ళ మెడలో వేసే అంబర్ పూసల దండ, పద్ధెనిమిది నెలల బిడ్డ నిద్రపోతుండగా మెడకి బిగుసుకుని ప్రాణం పోయింది. అత్తయ్యగారు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "మన ఊరి కంసాలి మువ్వకి టంకం వేసేటప్పుడు అందులో ఏం కలుపుతాడో నాకూ తెలీదులే" అన్నారు. స్టెర్లింగ్ వెండికి, అంటే వెయ్యికి 925 పాళ్ళు వెండి ఉన్నదానికి, ఇక్కడ సీసం పరీక్ష అక్కర్లేదు. ఊరి మువ్వలో ఎన్ని పాళ్ళో ఎవరు చెప్పగలరు? ఇప్పుడు ఆవిడ అవే పూసలు పెద్దవాళ్ళ చేతి గొలుసులకి గుచ్చుతున్నారు. నా బల్ల మీద వాటికి విడిగా ఒక పళ్ళెం ఉంది.

అసలు నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది మా పిన్ని. పిన్ని వాళ్ళది యలమంచిలి. అక్కడికి దగ్గర్లోనే ఏటికొప్పాక, వరాహ నది ఒడ్డున. లక్కపిడతలతో ఆడుకోని ఆడపిల్ల మా తరంలో లేదు. బుల్లి కుంపటి, బుల్లి గిన్నెలు, తిరగలి, రోలు. అంకుడు కర్రని తరిణి మీద తిప్పుతూ రంగు కలిపిన లక్క కడ్డీని ఆనిస్తే, రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పట్టేస్తుంది. తర్వాత మొగలి ఆకుతో రుద్దితే ఆ మెరుపు వస్తుంది. మధ్యలో కొన్నాళ్ళు రసాయన రంగులు వచ్చిపడ్డాయి. సి.వి. రాజు గారు మళ్ళీ పసుపు, నీలిమందు, జాఫ్రా గింజలు, కరక్కాయల రంగులకి ఆ కళాకారులని మళ్ళించారు. 2023లో ఆయనకి పద్మశ్రీ ఇచ్చారు. ఏటికొప్పాక బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

పిన్ని ఫోన్ చేసి, "అమ్మాయ్, వంద సెట్లు పంపిస్తాను, నీ కొట్లో అమ్ము, ఇక్కడ పాపం పనిలేక కూర్చున్నారు" అంది. ఇక్కడ ఎలాంటి నిబంధనలున్నాయో చెప్పాను. "ఏటమ్మా, బొమ్మలకీ పరీక్షలేటి? పసుపూ కరక్కాయే కదా, పిల్లలు నోట్లో పెట్టుకున్నా ఏం కాదు" అంది. ఆవిడ మాటలో నిజం ఉంది. ఇండియాలో కూడా 2021 జనవరి నుంచి ఆటబొమ్మలన్నిటికీ ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి చేశారు. అయితే హస్తకళల విభాగంలో నమోదైన కళాకారులకీ, భౌగోళిక గుర్తింపు ఉన్న బొమ్మల అధీకృత తయారీదారులకీ మినహాయింపు ఇచ్చారు. మంచి పని చేశారు. ఆ మినహాయింపు మాత్రం విమానం ఎక్కదు. ఇక్కడి చట్టం దృష్టిలో దిగుమతి చేసుకున్నవాళ్ళే తయారీదారు. సర్టిఫికెట్ నా పేరు మీద ఉండాలి, ఫోన్ నంబరు నాది ఉండాలి.

‘పిల్లలవి కావు, అలంకారానికి’ అని చీటీ అంటించమని ఒక స్నేహితురాలు సలహా ఇచ్చింది. చాలామంది చేసేది అదే. అది చెల్లదు. పిల్లల వస్తువా కాదా అన్నది చీటీ ఒక్కటే చూసి తేల్చరు. అమ్మేవాళ్ళు ఏమంటున్నారు, పెట్టె మీద ఏ బొమ్మ వేశారు, ఎలా ప్రచారం చేశారు, కొనేవాళ్ళు మామూలుగా దాన్ని ఎవరి కోసం కొంటారు, ఏ వయసువాళ్ళు దాంతో ఆడతారని కమిషన్ మార్గదర్శకాలు చెబుతున్నాయి, ఇవన్నీ చూస్తారు. బొమ్మల కొలువులో పెట్టే దశావతారాల సెట్టుని అలంకారం అంటే నమ్మొచ్చు. లక్కపిడతలని అలంకారం అంటే మా చిన్నదే నవ్వుతుంది.

ఇంకో సంగతి కూడా నన్ను ఆపింది. సహజ రంగు అన్నంత మాత్రాన సీసం లేదని చెప్పలేం. పసుపునే తీసుకోండి. 2019లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు బంగ్లాదేశ్‌లో పసుపు కొమ్ములకి మంచి రంగు రావాలని లెడ్ క్రోమేట్ పట్టిస్తున్నారని బయటపెట్టారు. అది సీసం ఉన్న పసుపుపచ్చ రంగు. ఏటికొప్పాకలో రంగు కాచే మనిషి ఎంత నిజాయితీపరుడైనా, ఆయన సంతలో కొన్న పసుపులో ఏముందో ఆయనకీ తెలీదు, నాకూ తెలీదు. తెలిసేది ల్యాబ్‌లోనే. ఈ మాట చెప్పినప్పుడు పిన్ని కోప్పడలేదు. "మన పసుపు కూడా పరీక్ష చేయిస్తే తెలుస్తాదేమో" అంది.

ఒక ల్యాబ్‌ని ధర అడిగాను. ఎన్ని రంగులుంటే అన్ని పరీక్షలు. ఒక సెట్‌లో అయిదు రంగులు. పిన్ని పంపే వంద సెట్లు వేర్వేరు రోజుల్లో, వేర్వేరు ఇళ్ళలో చేసిన లక్కతో చేసినవి. ఒకదానికి చేసిన పరీక్ష ఇంకోదానికి చెల్లదు. అలా చేస్తే నా మూడేళ్ళ సంపాదన ల్యాబ్‌కే పోతుంది.

కానీ నిబంధనల్లో ఒక దారి ఉంది. తయారైన బొమ్మనే కాకుండా, దానికి వాడే పదార్థాన్ని ముందే పరీక్ష చేయించుకోవచ్చు. రంగుని ఏదైనా తగిన వస్తువు మీద పూసి పరీక్షిస్తే, ఆ ఒక్క బ్యాచ్ రంగుతో చేసిన వస్తువులన్నిటికీ ఆ కాగితం పనికొస్తుంది, ఆ రంగే వాడామని లెక్కలు చూపించగలిగితే. అంటే పిడతలన్నీ చేశాక కాదు, లక్క కడ్డీలు చేసినప్పుడే పరీక్ష. ఒకే రోజు, ఒకే పసుపు, ఒకే లక్క, కావలసినన్ని కడ్డీలు ఒక్కసారే. వాటితో ఎన్ని సెట్లు తిప్పుకున్నా సరే. ఊడే బుల్లి మూతలూ అవీ ఉంటాయి కనుక మూడేళ్ళు దాటిన పిల్లలకే, పెట్టె మీద గొంతుకి అడ్డుపడతాయన్న హెచ్చరికతో.

ఇది పిన్నికి వీడియో కాల్‌లో రెండు ఆదివారాలు చెప్పాను. ఏ రోజు కాచారో, పసుపు ఎక్కడ కొన్నారో ఒక పుస్తకంలో రాయాలని, కడ్డీలకి ఒకే గుర్తు కట్టాలని, పాత కడ్డీ ఒక్కటి కూడా కలవకూడదని. తరిణి పని చేసే ఆయన పిన్ని భుజం మీద నుంచి ఫోన్‌లోకి తొంగి చూసి, "అదేముందమ్మా, చీటీ రాసి కడతాం" అన్నారు. ఆయన చేతిలో కడ్డీ అప్పుడే తీసినట్టుంది, చివర ఇంకా మెత్తగా ఉంది. ముందు రెండే రంగులు అనుకున్నాం, పసుపు, ఎరుపు. ఇరవై సెట్లు. లాభం అక్కర్లేదు, ల్యాబ్ ఖర్చు వస్తే చాలు. కడ్డీల నమూనాలు పిన్ని పార్సిల్ కట్టింది.

"మరి నీలం?" అని అడిగింది పిన్ని, కాస్త దిగులుగా.

"నీలం వచ్చే ఏడు పిన్నీ" అన్నాను.